మా ఇంటి చిట్టా ఆవర్జా

మా నాయన పోయినాక అన్నదమ్ముల మధ్య పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. హోసూరు దగ్గరి పల్లెలో ఉన్న ఇల్లూ, కొంచెం చేనూ అన్నకే ఉండనీ అన్నాను. నాకు నెల నెలా జీతం వస్తుంది కదా. చివరకు రెండు ట్రంకు పెట్టెలూ, ఒక చెక్క బీరువా నిండా పుస్తకాలూ మిగిలాయి. "నువ్వు చదువుకున్నోడివి, ఇవి నీకే చెందల్ల" అన్నాడు అన్న. ఆ మాటలో ప్రేమ పాలెంత, బరువు దించుకోవడం పాలెంత అని నేను లెక్క కట్టలేదు. 2016లో వాటిని ఒక చిన్న లారీలో వేసుకుని ఊత్తంగరైకి తెచ్చుకున్నాను.

ఊత్తంగరై మా అత్తగారి ఊరు. కృష్ణగిరి నుంచి తిరువణ్ణామలై పోయే దోవలో ఉంది. నేను పుట్టేనాటికి హోసూరూ, ఇదీ ధర్మపురి జిల్లాలోనే ఉండేవి. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడినప్పుడు రెండూ దానిలోకి వచ్చాయి. జిల్లా ఒకటే గాని తెలుగు సంగతిలో రెండూ ఒకటి కాదు. హోసూరు వైపు తెలుగు బడులలో చదివినవాళ్ళం పాతతరంలో ఇంకా కనిపిస్తాం. ఇక్కడ మా వీధిలో పది పన్నెండు ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, కానీ చదివేది తమిళం. పెళ్ళిపత్రిక తమిళంలో, అందులోని పేర్లు తెలుగువి. మా ఆవిడా ఈ ఊరి పిల్లే. తెలుగు అక్షరాలు ఆమెకు పెళ్ళయినాక మా నాయన నేర్పించాడు.

నాయన తెలుగు అయ్యవారు. ముప్పై ఏళ్ళకు పైగా పల్లె బడుల్లో పనిచేసి 1989లో రిటైరయ్యాడు. జీతంలో కొంత ప్రతి నెలా పుస్తకాలకు పోయేది. మద్రాసు పోతే పుస్తకాలు, తిరుపతి పోతే పుస్తకాలు. వాటిని ఊళ్ళో అడిగినవాళ్ళకు అరువిచ్చేవాడు. ప్రతి పుస్తకం చివరి పేజీలో సన్నని అక్షరాలతో ఎవరికి ఇచ్చాడో, ఏ తేదీన ఇచ్చాడో, ఎప్పుడు తిరిగి వచ్చిందో రాసుకునేవాడు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినాక ఆ పేజీలు చూసి, "ఇది అచ్చం లెడ్జరే కదా నాయనా" అంటే నవ్వాడు. "మీ లెడ్జరులో వడ్డీ ఉంటాది, దీంట్లో లేదు" అన్నాడు.

ఆ పుస్తకాలకు ఒక జాబితా చేయాలనుకున్నది 2021లో. అప్పటికి వయసు యాభై దాటింది, రిటైరుమెంటు కనుచూపు మేరలోకి వచ్చింది. మొదట అందరిలాగే కంప్యూటరులో గళ్ళ కాగితం లాంటి స్ప్రెడ్‌షీటులో మొదలుపెట్టాను. నేను ఆదివారాలు కొన్ని వరసలు కొడితే, పగటిపూట తీరిక దొరికినప్పుడు మా ఆవిడ తన ల్యాప్‌టాప్‌లో మరికొన్ని కొట్టేది. ఆరు నెలల్లో మా ఇంట్లో "పుస్తకాలు", "పుస్తకాలు కొత్తది", "పుస్తకాలు చివరిది", "నిజంగా చివరిది" అని నాలుగు ఫైళ్ళు తయారయ్యాయి. ఏది సరైనదో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఒకే ఖాతాకు నాలుగు లెడ్జర్లు ఉంటే ఏ ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటాడు?

మా అమ్మాయి బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. ఫోనులో ఈ గోడు వినిపిస్తే నవ్వి, "నాయనా, మీకు కావల్సింది ఫైలు కాదు, డేటాబేస్ సర్వరు" అన్నది. సర్వరంటే నాకు తెలిసింది చల్లటి గదిలో గుయ్యిమనే బీరువా లాంటి యంత్రం. మా బ్రాంచిలో దాని గదికి తాళం వేసి ఉంచేవాళ్ళం. "అంత పెద్దది మనింట్లో ఎక్కడ పెట్టేది?" అన్నాను. సర్వరంటే యంత్రం కానక్కరలేదని, అదొక ప్రోగ్రాము మాత్రమేనని, తను కాలేజీలో చదివేటప్పుడు 2017లో కొన్న పాత కంప్యూటరే మన లెక్కకు చాలా ఎక్కువని చెప్పింది.

నా బోటివాడికి సర్వరు సంగతి అర్థమైంది బ్యాంకు కౌంటరు వల్లనే. ఖాతాదారుడు కౌంటరు దాటి లోపలికి వచ్చి లెడ్జరు తిరగేయడు. చీటీ రాసి కిటికీలో ఇస్తాడు. లోపల ఉన్న గుమాస్తా చీటీ సరిగా ఉందా, ఈ మనిషికి అడిగే హక్కుందా అని చూసి, లెడ్జరు తీసి, జవాబు బయటికి ఇస్తాడు. ఇద్దరు ఒకేసారి వచ్చినా లెడ్జరు ఒక్కటే, గుమాస్తా మాటే మాట. డేటాబేస్ సర్వరు చేసేదీ అదే. కంప్యూటరు లోపల ఎప్పుడూ మేలుకొని ఒక నంబరు కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. మేము పెట్టుకున్నది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. దాని కిటికీ నంబరు మామూలుగా 5432. చీటీ రాసే భాష పేరు ఎస్‌క్యూఎల్.

దీని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చదువుకున్నాను. సమాచారాన్నంతా గళ్ళ పట్టికలుగా చూడవచ్చునని 1970లో ఐబీఎంలో పనిచేసే కాడ్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. అమెరికాలోని బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆ ఊహతో మొదట ఇంగ్రెస్ కట్టాడు, 1986లో పోస్ట్‌గ్రెస్ పని మొదలుపెట్టాడు. ఆ తరువాత ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ నేర్పారు. 1996లో ఇప్పటి పేరు వచ్చింది. అప్పటి నుంచీ ప్రపంచం నలుమూలలవాళ్ళు కలిసి దాన్ని పెంచుతున్నారు. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. వడ్డీ లేని అరువు అన్నమాట. మా నాయనకు నచ్చి ఉండేది.

2022 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున దాన్ని ఎక్కించాను. అమ్మాయి ఫోనులో, నేను తెర ముందు. అది అడిగిన ప్రశ్నలు నాలుగైదే. ఎక్కడ కూర్చోవాలి, లెక్కలు ఏ ఫోల్డరులో పెట్టాలి, అధికారి రహస్యపదం ఏమిటి, కిటికీ నంబరు ఎంత, ఏ దేశపు అలవాటు పాటించాలి. పావుగంటలో పని అయిపోయింది. ఇంతేనా అనిపించింది. తరువాత తెలిసింది, ఎక్కించడం ఒక పావుగంట, నడపడం ఒక కాపురం అని.

మొదటి వారంలోనే రహస్యపదం మరిచిపోయాను. లోకంలో అందరి పాస్‌వర్డులూ గుర్తు పెట్టుకోమని ఖాతాదారులకు చెప్పే నోరు ఇది! అమ్మాయిని అడగడానికి సిగ్గేసి రెండు రోజులు ఊరుకున్నాను. చివరకు అడిగితే, సర్వరు ఫోల్డరులో ఉన్న ఒక చిన్న ఫైలులో ఒక మాట మార్చమన్నది. ఎవరిని ఏ షరతు మీద లోపలికి రానివ్వాలో రాసి ఉండే ఫైలు అది. "రహస్యపదం అడుగు" అన్న చోట "నమ్ము" అని పెట్టి, సర్వరును ఆపి మళ్ళీ నడిపితే అడ్డు లేకుండా లోపలికి రానిచ్చింది. కొత్త పదం పెట్టి ఆ ఫైలును యథాతథంగా మార్చాను. పని జరిగిందిగాని నాకు గుబులు పట్టుకుంది. అంటే కంప్యూటరు ఎవరి చేతిలో ఉంటే తాళం వాళ్ళ చేతిలో ఉన్నట్లే కదా! బ్యాంకులో ఇనప్పెట్టెకు ఇద్దరి తాళాలు ఎందుకు పెడతారో ఆ రోజు మరోసారి అర్థమైంది. కొత్త పదాన్ని కవరులో పెట్టి, అంటించి, మా ఆవిడ నగల పెట్టెలో పెట్టాను.

తరువాత పట్టికలు. ఒకటి పుస్తకాలకు, ఒకటి చదువరులకు, ఒకటి అరువులకు. పట్టికల పేర్లు తెలుగులోనే కొట్టి చూశాను, మారు మాట లేకుండా ఒప్పుకుంది. ఆ చిన్న విషయానికి నాకు కలిగిన సంతోషం చెబితే నవ్వుతారు. అరువు పట్టికకు ఒక కట్టుబాటు పెట్టాం. చదువరుల పట్టికలో లేని మనిషికి అరువు రాస్తే సర్వరు ఒప్పుకోదు. ఖాతా లేనివాడికి అప్పు పుట్టదు, సహజమే.

తెలుగుతో తంటాలు లేకపోలేదు. నల్లని తెర మీద చీటీ రాసి అడిగితే జవాబులో తెలుగంతా డబ్బాలుగా కనిపించింది. అక్షరాలు పోయాయేమోనని గుండె జారింది. అక్షరాలు లోపల క్షేమంగానే ఉన్నాయి, ఆ తెరకు తెలుగు చూపించడం రాదు, అంతే. వేరే తెరలో చూస్తే చక్కగా ఉన్నాయి. మా మేనల్లుడు వెనకటెప్పుడో డిటిపి ఫాంటులో కొట్టిచ్చిన రెండు వందల పేర్లు మాత్రం నిజంగానే పనికిరాలేదు. అవి తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లీషు అక్షరాలు. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చిగీత. మళ్ళీ మొదటి నుంచీ కొట్టుకున్నాను. నేను "కన్యాశుల్కం" అని కొడితే మా ఆవిడ అట్ట మీద ఉన్నట్టు "కన్యాశుల్కము" అని కొట్టింది. సర్వరు లెక్కలో అవి రెండు వేరువేరు పుస్తకాలు. సంతకంలో ఒక వంకర తేడా వస్తే చెక్కు వాపసు చేసే గుమాస్తాలో కూడా ఇంత పట్టింపు ఉండదు.

ఒక సాయంత్రం మా ఆవిడ ఒక పుస్తకం మీద నాయన రాసుకున్న అరువులన్నీ వరసగా ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అంతా పోయిందనుకున్నాం. కరెంటు వచ్చాక సర్వరు దానంతటదే లేచి, తన లెక్క తాను సరిచూసుకుని కూర్చుంది. ఖాయం చేసిన వరసలన్నీ ఉన్నాయి. సగంలో ఆగినది మాత్రం అసలు లేదు. ఇది ఎలా సాధ్యమని అమ్మాయిని అడిగితే, ఏ మార్పునైనా పట్టికలో రాసే ముందు వేరే పద్దులో వరసగా రాసుకుంటుందని, లేచాక ఆ పద్దు చూసి పట్టికలను సరిదిద్దుకుంటుందని చెప్పింది. నేను కుర్చీలో నుంచి లేచినంత పని చేశాను. ఇది మన చిట్టా ఆవర్జాయే కదా! మన కోమటి అంగళ్ళలో జరిగిన బేరం జరిగినట్టు మొదట చిట్టాకెక్కేది. తీరికగా మనిషి మనిషికీ విడదీసి ఆవర్జాలో ఎత్తి రాసేవారు. ఆవర్జా చెడిపోయినా చిట్టా ఉంటే మళ్ళీ కట్టుకోవచ్చు. కాలేజీలో ఇంగ్లీషు పేర్లతో చదివి పాసైన సూత్రం ఇది.

నేను 1992లో బ్యాంకులో చేరినప్పుడు మా బ్రాంచిలో లెడ్జరు పోస్టింగు యంత్రం ఒకటి ఉండేది. రంగరాజన్ కమిటీ 1984లో సిఫారసు చేసిన యంత్రీకరణ మా వరకు అలా చేరింది. రోజూ సాయంత్రం ఫ్లాపీల మీదికి నకలు తీసి వేరేచోట భద్రం చేసేవాళ్ళం. ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఇంటి సర్వరుకూ ప్రతి ఆదివారం రాత్రి నకలు తీసి పెన్‌డ్రైవులో పెడతాను. ఒక పెన్‌డ్రైవు ఇంట్లో, ఒకటి అన్నగారింట్లో. పోయినసారిది తెచ్చుకుని కొత్తది ఇచ్చి వస్తాను. అందువల్ల అన్నదమ్ములం నెలకొకసారైనా కలుసుకుంటున్నాం. మూడు నెలలకొకసారి ఆ నకలును మా ఆవిడ ల్యాప్‌టాప్‌లో విప్పి, వరసలు సరిపోయాయో లేదో లెక్క చూస్తాను. విప్పి చూడని నకలును నేను నమ్మను.

ఏడు నెలల ఆదివారాలు పోయాక 742 పుస్తకాలూ, వాటి చివరి పేజీల్లోని అరువులూ సర్వరులోకి చేరాయి. ఆ రాత్రి నేను మొదటిసారి దాన్ని ఒక నిజమైన ప్రశ్న అడిగాను. తిరిగి వచ్చిన తేదీని బట్టి, ఏ ఏడాదికి ఎన్ని పుస్తకాలు చేతులు మారాయి?

జవాబు కన్ను మూసి తెరిచేలోగా వచ్చింది. 1961తో మొదలు. డెబ్బైలలో అంకెలు బాగా పెద్దవి. ఎనభైలలో తగ్గుముఖం. 1990 తరువాత వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 1994లో రెండు. ఆ తరువాత వరస లేదు.

నేను చాలాసేపు ఆ తెర ముందే కూర్చున్నాను. మన మధ్య ఎప్పుడు మాట వచ్చినా 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం గురించి మాట్లాడుకుంటాం. ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయిందనీ, 2015-16లో అది పదో తరగతికి చేరేసరికి మన పిల్లలు పరీక్షలో ఇబ్బంది పడ్డారనీ చెప్పుకుంటాం. అది నిజం. ఆ కష్టం కళ్ళారా చూసినవాణ్ణి. కానీ మా ఇంటి ఆవర్జా ఇంకో నిజం చెప్పింది. ఆ చట్టానికి పన్నెండేళ్ళ ముందే మా నాయన దగ్గర పుస్తకం అడిగేవాళ్ళు లేకుండా పోయారు. 1994లో నాకు ఇరవై ఆరేళ్ళు. ప్రతి ఆదివారం ఇంటికి పోయేవాణ్ణి. ఆ బీరువా పక్కనే మంచం వేసుకుని పడుకునేవాణ్ణి. దాని తలుపు తెరుచుకోవడం మానేసిందని నేను గమనించలేదు. నాయన చెప్పలేదు. నేను అడగలేదు. అంతకన్నా పెద్ద సంగతి, 2004లో మా అమ్మాయిని బడిలో వేసినప్పుడు తెలుగు మాటే తలపెట్టలేదు. బదిలీల ఉద్యోగం, ఎక్కడికి పోయినా పనికొచ్చే చదువు ఉండాలి అనుకున్నాను. నన్నెవరూ బలవంతం చేయలేదు.

2023 పొంగలు సెలవులకు అమ్మాయి వచ్చింది. నా సర్వరును గర్వంగా చూపించాను. ఇంట్లోని ఫోన్లలో నుంచి వెదకడానికి తనే ఒక చిన్న తెర తయారుచేసి ఇచ్చింది. బయటి యంత్రాలు మొదట్లో సర్వరును అడగలేవు. వాటి చిరునామాలు ఆ అనుమతుల ఫైలులో రాయాలి, గోడలాంటి రక్షణలో ఒక కిటికీ తెరవాలి, కంప్యూటరు నిద్రపోకుండా చూడాలి. అదంతా గంటలో చేసేసింది. చేసినాక ఫోను నా చేతికిచ్చి, "నాయనా, ఇంత చేసినాను గాని, దీంట్లో నేను ఏదీ వెదకలేను" అన్నది. మాట్లాడేది మా ఇంటి తెలుగే. అక్షరాలు రావు. "తమిళ అక్షరాల్లో ఒక గడి చేర్చల్ల" అన్నది.

నాకు కోపం వచ్చింది. తెలుగు పుస్తకాన్ని తమిళ అక్షరాల్లో వెదకడమా? గంపా, కంపా ఒకటే అయిపోతాయి. గాలీ, కాలీ ఒకటే అయిపోతాయి. ముళ్ళ కంపను గంపలో వేసుకుని మోసినట్టుంటుంది అన్నాను. అది వాదించలేదు. కాగితం తీసుకుని మూడు అంకెలు రాసింది. 2965, 3093, 3221. కంప్యూటర్లన్నీ ఇప్పుడు వాడే యూనికోడ్‌లో తమిళ "క", తెలుగు "క", కన్నడ "క" ఉండే గళ్ళ నంబర్లు అవి. ఒక్కొక్కదానికి మధ్య దూరం సరిగ్గా 128. ఆ పెద్ద పట్టికలో తమిళం, తెలుగు, కన్నడం పక్కపక్కన ఇళ్ళు, అచ్చం మన హోసూరు లాగే. తమిళం ఇంట్లో ఖ, గ, ఘ ఉండవలసిన గదులు ఖాళీగా ఉంచారు. "అక్కడికి పోయినవాళ్ళను క గదిలోకి పంపితే సరి" అన్నది. సున్నకు మాత్రం వేరే ఏర్పాటు చేయాలట. ఎవరూ కొట్టనక్కరలేదు, తెలుగు పేరు ఎక్కగానే తమిళ రూపం సర్వరే తయారు చేసుకుంటుంది.

నేను ఒప్పుకోలేదు. మా ఆవిడ వంటింట్లో నుంచి వచ్చి, "బడి అని తమిళ అక్షరాల్లో రాస్తే ఏమొస్తాది?" అని అడిగింది. 'పడి' అనే వస్తుంది. తమిళంలో ఆ మాటకు మెట్టు అని ఒక అర్థం, చదువు అని ఇంకొక అర్థం. "మంచి మాటే కదా" అని లోపలికి పోయింది. నేను ఊరుకున్నాను. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని అమ్మాయికి తెలుసు.

ఆ గడి చేరిన నెలకు మా వీధి చివర బట్టలు కుట్టే ఆమె వచ్చింది. డెబ్బైకి దగ్గరి మనిషి. వాళ్ళ నాయన వేమన పద్యాలు పాడేవాడట. ఆ పుస్తకం ఉందా అని మా ఆవిడ ఫోనులో తమిళ అక్షరాలతో తనే వెదికింది. మూడు కనిపించాయి. తీసి చేతికిచ్చాను. అట్ట తడిమింది, పేజీలు తిప్పింది, తిరిగి నా చేతికే ఇచ్చింది. "నాకు ఈ అచ్చరాలు రావు కదప్పా" అన్నది. జాబితా తెరుచుకుంది గాని పుస్తకం తెరుచుకోలేదు. ఏం చేయాలో తోచక, అరుగు మీద కూర్చోబెట్టి నేనే చదివాను. ఒక పద్యం నేను మొదలుపెడితే రెండో పాదం నుంచి ఆమే అందుకుంది. కళ్ళు మూసుకుని చివరిదాకా చెప్పింది. మరుసటి ఆదివారం ఇంకో ఇద్దరిని వెంట తెచ్చుకుంది. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఐదారుగురం కూర్చుంటాం. నేనో, మా ఆవిడో చదువుతాం. సర్వరులో అరువు పట్టికకు ఇంకో గడి చేర్చాను, తీసుకుపోయినదా, చదివి వినిపించినదా అని.

ఆ గడి సంగతి ఫోనులో చెప్పినప్పుడు మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "నాయనా, తిరిగి రాని పుస్తకాల లెక్క చూసినారా?" చూడలేదు. అప్పుడు తట్టింది. నేను తిరిగి వచ్చిన తేదీని బట్టి అడిగాను కనుక, తేదీ లేని వరసలు నా లెక్కలోకే రాలేదు. ఖాళీ అంటే సున్న కాదు, ఖాళీ అంటే తెలియదు అని ఈ విద్యలో మొదటి పాఠంలోనే చెబుతారు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో బాకీలు చూసినవాణ్ణి, బాకీల లెక్కే మరిచాను. తేదీ ఖాళీగా ఉన్నవి చూపమని చీటీ రాశాను. ముప్పై ఎనిమిది వచ్చాయి. ఎక్కువ భాగం డెబ్బైలవి, ఇప్పుడు లేని మనుషులవి. అన్నిటికన్నా చివరి వరస 2004ది.

"బారిష్టరు పార్వతీశం. మనవరాలికి. చదివి వినిపించేదానికి."

ఆ పుస్తకం వివరాలు ఎక్కించింది మా ఆవిడ. ఎందుకు చెప్పలేదంటే, "మీరే ఒకరోజు చూస్తారనుకున్నా" అన్నది. 2004లో ఎండాకాలం సెలవులకు పాప వాళ్ళ తాత దగ్గరుంది. ఐదేళ్ళది. మొగల్తూరు నుంచి బయలుదేరిన పార్వతీశం రైలెక్కే కథ తాత రోజుకింత చెప్పేవాడని, సగంలో ఉండగా బడి తెరిచారని దానికీ లీలగా గుర్తుంది. నాయన తిరిగి వచ్చిన తేదీ రాయలేదు. కథ పూర్తి కాలేదు కదా, ఆయన లెక్కలో అరువు తీరలేదు.

ఆ వరస ఫోనులో చదివి వినిపించాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత, "అంటే నేను ఇంకా తిరిగి ఇయ్యలేదా నాయనా?" అన్నది.

బ్యాంకులో తొంభై రోజులు వాయిదా దాటితే ఆ అప్పును నిరర్థక ఆస్తి అంటాం. ఇది దాదాపు ఇరవై ఏళ్ళ బాకీ. తరువాత వచ్చినప్పుడు ఆ పుస్తకం బెంగళూరుకు తీసుకుపోయింది. వాళ్ళమ్మ దానికి అక్షరాలు దిద్దిస్తోంది, ఫోనులోనే, రోజుకు పది నిమిషాలు. ఒత్తుల దగ్గర తడబడుతోంది గాని గుణింతం వచ్చింది. మొన్న పేరా ఒకటి కూడబలుక్కుని చదివింది. పార్వతీశం ఇంకా రైలు దిగలేదు.

ఆ వరసలో తిరిగి వచ్చిన తేదీ గడిని నేను ముట్టుకోలేదు. ప్రతి ఆదివారం నకలు తీసేటప్పుడు అది ఖాళీగానే పెన్‌డ్రైవులోకి పోతుంది.